మెడ వంగని పెళ్లికూతురు

మా మామ కారు ముందుకు పోతుందన్న నమ్మకం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. అయితే అది వెనక్కి పోగలదని కూడా ఎవరూ అనుకోలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. యుద్ధం రోజులవి. పెట్రోలుకు కూపన్లు పెట్టారు, కూపన్లు ఉన్నవాళ్లకూ పెట్రోలు సరిగ్గా దొరికేది కాదు. అలాంటి కాలంలో ఆయన మద్రాసు పోయి, ఎవరో దొర అమ్మేసిన పాత కారొకటి నగరికి తెచ్చాడు. దాని వెనక నిలువెత్తు ఇనుప పీపా బిగించి ఉండేది. అందులో బొగ్గులు పోసి, నిప్పు రాజేసి, పక్కనున్న పిడి పట్టుకుని గాలి తిప్పితే, ఆ పొగతో కారు నడుస్తుంది. నడుస్తుందని మామ అనేవాడు. పిడి తిప్పే పని నాది. ఇంట్లో కుంపటి ముందు కూర్చుని విసరడం, వీధిలో కారు వెనక నిలబడి తిప్పడం, రెండూ నాకు ఒకటే పని. కుంపటి మీద కనీసం అన్నం ఉడికేది.

నాకప్పటికి పద్దెనిమిదేళ్లు దాటాయి. నా ఈడు పిల్లలు చంకన బిడ్డలతో పుట్టింటికి వచ్చి పోతుంటే, నేను ఇంకా నాయన మగ్గానికి నూలు కండెలు చుడుతూ కూర్చున్నాను. సంబంధాలు రాకపోవడానికి కారణం మామే. ఆయనకు పెళ్లి కాలేదు. అక్క కూతురు ఎదిగి ఉండగా తమ్ముడు పెళ్లి మాట ఎత్తడం లేదంటే, ఆ పిల్ల కోసమే ఆగాడని ఊరంతా తీర్మానించుకుంది. నిజానికి ఆయన ఎవరి కోసమూ ఆగలేదు. ఆయన మనసంతా ఆ కారు మీదే. మామ మంచివాడే, నన్ను భుజాన ఎత్తుకుని తిప్పినవాడే. కానీ మొగుడు అనుకుని చూస్తే మాత్రం నాకు గుండెలో రాయి పడేది. జన్మంతా ఆ పిడి తిప్పుతూ, మిట్ట వచ్చినప్పుడల్లా దిగి కారు తోస్తూ, బొగ్గు మసి ముఖంతో ముసలిదాన్ని అయిపోతానని ఏడుపు వచ్చేది.

అలాంటి సమయంలో చిత్తూరు సంబంధం వచ్చింది. అబ్బాయి బడిపంతులు. మా కులమే. తండ్రి నేసి నేసి చిన్న వయసులోనే పోతే, తల్లి ఒక్కతే నూలు వడికి, ఇంటింటా పిండి విసిరి కొడుకును చదివించిందట. నాయన అమ్మతో ఒక మాట తేల్చి చెప్పాడు. ఇదొక్కటి చూస్తాను, ఇది తప్పిపోతే ఇంకొకరి గడప తొక్కను, శ్రావణంలో నీ తమ్ముడికే ముడేసి చేతులు కడుక్కుంటాను అన్నాడు. ఆ మాట గోడ అవతల కండెలు చుడుతున్న నాకు వినిపించింది. అందుకే చిత్తూరు అబ్బాయి నల్లనా తెల్లనా అని నేను అడగలేదు. కారు లేకపోతే చాలునని మాత్రం కొండ మీది స్వామికి మొక్కుకున్నాను.

స్వామి దగ్గరికి పోవాలన్న ఆలోచన అవ్వది. అవ్వంటే నాయన తల్లి. పెళ్లిచూపుల లోపల పిల్లను తిరుమలకు తీసుకెళ్లి దండం పెట్టించాలని పట్టుబట్టింది. కొండకు అప్పుడే కొత్తగా రోడ్డు వేశారు. మామ ఛాతీ విరుచుకుని, మెట్లెక్కే కాలం పోయింది, కారులో కూర్చోబెట్టి నేరుగా గుడి ముందర దించుతానన్నాడు. ఆ కొత్త రోడ్డు మీద కారు నడపాలన్నది ఆయన కోరిక. దేవుణ్ణి చూడాలన్నది అవ్వ కోరిక. బొగ్గుల బస్తా, పులిహోర గిన్నె, అవ్వ, నేను కారులో సర్దుకున్నాము.

ఏడు కొండల దాకా పోనవసరం లేకపోయింది. పుత్తూరు దాటాక రోడ్డు కాస్త పైకి లేస్తుంది. దాన్ని కొండ అనరు, గుట్ట అని కూడా అనరు, ఎద్దులు ఆ మిట్టను పట్టించుకోవు. మా కారు దాని సగం దాకా ఎక్కి, నిట్టూర్చి ఆగిపోయింది. తరువాత నెమ్మదిగా, ఏదో మరిచిపోయి ఇంటికి పోతున్నట్టు, వెనక్కి బయలుదేరింది. మామ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. ముందుకు పోయేటప్పుడు ఎన్నడూ చూడని వేగం ఆ రోజు దానికి వచ్చింది. రోడ్డు పక్క చింతచెట్టుకు పీపా డబీమని తగిలింది. నా తల ఒకసారి వెనక్కి పోయి, ఒకసారి ముందుకు వచ్చి, మొత్తానికి నా దగ్గరే నిలిచింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అవ్వ ఒళ్లోని పులిహోర గిన్నె కూడా ఒలకలేదు. మామ దిగి, సొట్ట పడిన పీపాను నిమురుతూ బిడ్డకు దెబ్బ తగిలినట్టు కళ్లు తుడుచుకున్నాడు. మేము ఆ చింతచెట్టు కిందే పులిహోర తిన్నాము. నేను నవ్వి నవ్వి అలిసిపోయాను. రెండు జతల ఎద్దులు కట్టి కారును తిరిగి నగరికి తోలుకొచ్చారు. దారి పొడవునా అది ఒక్కసారి కూడా ఆగకుండా బాగా నడిచింది.

మరునాడు తెల్లవారి లేవబోతే తల రాలేదు. ఒళ్లు లేస్తోంది, తల మాత్రం చాప మీదే ఉంటానంటోంది. చివరికి రెండు చేతులతో జుట్టు పట్టుకుని నా తలను నేనే లేపుకున్నాను. మెడ కర్రలా బిగుసుకుపోయింది. అటు తిరగదు, ఇటు తిరగదు, కిందికి అసలే వంగదు. మెడ వెనక మొదలైన నొప్పి తల మీదుగా వచ్చి కళ్ల వెనక కూర్చునేది. కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కేవి. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషినంతా తిప్పుకోవలసి వచ్చేది. తుమ్ము వస్తుందంటే తుమ్ముకన్నా ముందు కళ్లలో నీళ్లు వచ్చేవి.

ఆ రోజుల్లో మెడ వంగని ఆడది ఎన్ని పనులకు పనికిరాకుండా పోతుందో నాకప్పుడే తెలిసింది. విస్తరిలో ఏముందో కనపడదు, తడుముకుని తినాలి. ఒకసారి కూర అనుకుని ఊరగాయ ముద్దంతా నోట్లో పెట్టుకున్నాను. కండెలు చుట్టే రాట్నాన్ని రోలు మీద ఎక్కించి చుట్టాను. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేలకు సమానంగా కూర్చుంటాడు కాబట్టి, దగ్గరికి పోతే ఆయన నాకు కనపడేవాడు కాదు. నాయన గొంతు మాత్రం భూమిలోంచి వచ్చేది. ఒకనాడు ఆయన కాస్త చూసి నడవమని అరిచేదాకా నేను మగ్గానికి సాచిన పడుగు నూలు మీదికే పోతున్న సంగతి నాకు తెలియలేదు.

వైద్యానికి కొదవ లేదు. తలగడను మూడు పూటలా ఎండబెట్టారు. తలగడ చక్కగా కాగింది, మెడ కాగలేదు. ఉప్పు మూటతో కాపడం పెట్టారు. వావిలాకు వేడినీళ్లు పోశారు. మామ పశ్చాత్తాపంతో పాత టైరు ట్యూబు కోసి, లోపల దూది కూరి, మెడకు పట్టీ కుట్టి తెచ్చాడు. అది పెట్టుకుంటే నొప్పి తగ్గేది, నిజం చెప్పాలి. కానీ ఎండకు ఆ రబ్బరు వాసనకు కారే నా మెడ పట్టుకుని వేలాడుతున్నట్టుండేది.

పుత్తూరుకు కూడా తీసుకుపోయారు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, మాకు అది పక్క ఊరే. కట్టు కట్టే ఆయన నా మెడ పట్టి చూసి ఎముక విరగలేదన్నాడు. లోపల నరాలు బెణికాయి, నూనె రాయండి, మెలి తిప్పకండి, కొన్ని నెలలకు అదే సర్దుకుంటుందన్నాడు. అవ్వ దిగాలుపడిపోయింది. విరిగి ఉంటే ఎంత బాగుండేది, పుత్తూరు పక్కన పెట్టుకుని విరక్కపోవడం మన ఖర్మ కాకపోతే ఏమిటని దారంతా బాధపడింది.

ఇక అవ్వ నమ్మకమంతా ఒకదాని మీదే నిలిచింది. మా వైపు నడుము పట్టినా మెడ పట్టినా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల కాలు తగిలిస్తారు. అంటే తల్లి కడుపులోంచి తలతో కాకుండా కాళ్లు ముందు పెట్టి వచ్చినవాళ్లు. వాళ్ల కాలు మూడుసార్లు తగిలితే పట్టు విడుస్తుందంటారు. అలాంటివాళ్లు వీధికి ఒకరుండరు. మా నేతవీధి మొత్తానికి ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన కిందటి ఎండల్లో పోయాడు. ఆయన చనిపోయిన రోజు అవ్వ కంట తడి పెట్టలేదు. నా మెడ పట్టిన వారానికి మాత్రం ఆయన్ని తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. ఆ తరువాత నగరి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు ఎదురైనా, క్షేమ సమాచారం కన్నా ముందు, నువ్వు ఎట్లా పుట్టావు నాయనా అని అడగడం మొదలుపెట్టింది.

ఇంతలో చిత్తూరువాళ్లు వస్తామన్న రోజు దగ్గరపడింది. వాయిదా వేయమని నేను అడిగాను. వాయిదా వేస్తే పిల్లకు ఏదో లోపం ఉందనుకుంటారన్నారు. లోపం ఉంది కదా అన్నాను. అందుకే వాయిదా వేయకూడదన్నారు. కాలో చెయ్యో అయితే చెప్పుకోవచ్చు, ఇది మెడ. తాళి పడవలసిన చోటు. మెడ బాగాలేని పిల్ల అని ఒక్కసారి పేరు పడితే ఇక ఎవరూ గడప తొక్కరని అవ్వ అందరి చేతా ఒట్టు వేయించింది. ట్యూబు పట్టీ తీసి అటక మీద పడేశారు. మెడ మాట ఎవరూ ఎత్తకూడదన్నారు.

అయితే పెళ్లిచూపుల్లో పిల్ల చేయవలసిన పని ఒకటే ఒకటి, తల వంచుకుని కూర్చోవడం. పాట రాకపోయినా ఫరవాలేదు, వంట రాకపోయినా నేర్చుకుంటుందంటారు. తల వంచకపోతే మాత్రం దానికి సర్దిచెప్పే మాట మా భాషలో లేదు. అమ్మకు దిక్కు తోచలేదు. దారి చూపింది మామే. మెడ వంగకపోతే మనిషినే వంచితే సరి అన్నాడు. నేను కూర్చునే పీట వెనక వైపు ఇటుక పెట్టి ఎత్తాడు. దాని మీద కూర్చుంటే మనిషంతా ముందుకు వాలి, తల వంచుకున్నట్టే కనిపిస్తుంది. నడుము పైన ఒళ్లంతా నిటారే, కానీ దూరం నుంచి చూసేవాళ్లకు సిగ్గు అనిపిస్తుంది. కారు విషయంలో పనిచేయని మామ బుర్ర ఇక్కడ పనిచేసిందని అందరం మెచ్చుకున్నాము.

వాళ్లు పొద్దున బస్సుకు వచ్చారు. అబ్బాయి, తల్లి, పెద్దమనిషిగా ఒక ముసలాయన. అమ్మ నన్ను పట్టుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. వాలిన పీట మీద నుంచి నాకు సరిగ్గా అబ్బాయి పాదాలు కనిపించాయి. పెద్ద పాదాలు, శుభ్రంగా తోముకున్నవి. తల తిప్పలేను కాబట్టి వాటినే చూస్తూ కూర్చున్నాను. అంతా బాగానే జరుగుతోంది. తల్లి నా జడ పొడుగు గురించి ఒక మంచి మాట కూడా అంది.

మామ మరిచిపోయిన సంగతి ఒకటుంది. పీట నున్నటిది, నేను కట్టుకున్నది పట్టుచీర. నేను జారుతున్నాను. ముందు కొంచెం, మరి కొంచెం. కాళ్లతో ఆపుకుందామంటే కాళ్లు చీర కుచ్చిళ్లలో చిక్కుకున్నాయి. నేను ముందుకు జారేకొద్దీ నడుము నేలకు దిగి, వాలు తగ్గి, చూపు పైకి లేస్తోంది. పాదాలు పోయి మోకాళ్లు వచ్చాయి. మోకాళ్లు పోయి చొక్కా గుండీలు వచ్చాయి, ఒక గుండీకి వేరే రంగు దారం. చివరికి పీట వెనకే ఉండిపోయింది, నేను చాప మీద నిటారుగా, అబ్బాయికి బారెడు దూరంలో, నేరుగా ఆయన ముఖంలోకి చూస్తూ ఆగాను.

గడ్డం మీద ఆ పొద్దున గీసుకున్న కత్తి గాటు ఉంది. కనుబొమలు దట్టంగా ఉన్నాయి. ఆయన ఒకసారి కళ్లెత్తి నన్ను చూసి, ఉలిక్కిపడి, తలను ఛాతీలోకి దించేసుకున్నాడు. నేను చేయవలసిన పని ఆయన చేశాడు. నేను మాత్రం ఏం చేయను, కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నాననుకుంటారు, తెరిస్తే ఆయనే కనిపిస్తాడు.

తల్లి ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

"పిల్ల కండ్లు దించదేమి వదినా? మావోడు తల దించుకోనుండాడు, ఇది సూస్తా ఉండాది. సూసేది సాలదని మీదికి జరగతా ఉండాది. ఎవురు ఎవుర్ని సూసేదానికి వచ్చినట్టు?"

నాయన గోడకేసి చూస్తున్నాడు. అవ్వ ఏదో సర్దబోయింది, మా వంశంలో కల్లాకపటం లేదని, అందుకే నేరుగా చూస్తామని. ఆ మాట ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. తల్లి తాంబూలం పళ్లేన్ని చేతి వేళ్లతో పక్కకు జరిపింది. ఆ జరపడానికి అర్థం అందరికీ తెలుసు. తలుపు చాటున మామ నిలబడి ఉన్నాడు, ఆయన చొక్కా నుంచి వచ్చే బొగ్గు వాసన నాకు తగులుతోంది. శ్రావణం ఎంతో దూరం లేదు.

తల్లి లేవబోతూ, పోనీ అన్నట్టు, తనలో తాను చెప్పుకున్నట్టు అంది.

"వీడే పెద్ద మొండోడు. పుట్టేటప్పుడే కాళ్లు ముందరబెట్టి వచ్చి నా పానం తీసినాడు. మొండోడికి మొండిదాన్ని తెచ్చుకుంటే ఇంగ నా గతేమి?"

అవ్వ లేచింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచే మనిషి, ఆ రోజు దేన్నీ పట్టుకోలేదు. ఆమెకు సంబంధం గుర్తులేదు, అందరి చేతా వేయించిన ఒట్టు గుర్తులేదు. ఇన్ని రోజులూ ఊళ్లు తిరిగి వెతికినా దొరకని కాలు తన చాప మీదికి నడిచొచ్చి కూర్చుంది. నేరుగా పోయి అబ్బాయి కుడికాలు రెండు చేతులా పట్టుకుంది. ముసలావిడ కాళ్లు పట్టుకుని బతిమాలుతోందనుకుని ఆయన కంగారుగా లేచాడు. లేచినా ఆమె వదల్లేదు.

"నాయనా, నీకు పున్నెముంటాది. ఈ కాలెత్తి మా పాప మెడకు మూడు తూర్లు తగిలించు."

అబ్బాయి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ముందు తేరుకున్నది తల్లే. తాళి కట్టాల్సిన మెడ మీద కాలు పెట్టిస్తారా అని అడిగింది. తరువాత ఆమెకు అసలు సంగతి తట్టింది. మెడకు ఏమొచ్చిందని అడిగింది. అవ్వ కాలు వదిలేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్లిచూపుల్లో పిల్ల మాట్లాడదు. అడిగితే పేరు చెబుతుంది, అది కూడా నేలకే చెబుతుంది. కానీ నాకు నేల కనపడటం లేదు. ఆ పిడి తిప్పడం గుర్తొచ్చింది. పోయేది ఎట్లాగూ పోయింది, నిజం చెప్పైనా పోగొట్టుకుందామనుకున్నాను.

"మెడ పట్టింది. మామ కారు చెట్టుకు గుద్దుకొనింది. తల వంగదు, తిరగదు. పొగురు కాదు. చెప్పద్దన్నారు, చెప్పలేదు."

అబ్బాయి తలెత్తాడు. ఆయన నోట నేను విన్న మొదటి మాట ఒక ప్రశ్న. పంతులు కదా.

"కారు ముందుకు పోయి గుద్దిందా, యెనక్కి పోయి గుద్దిందా?"

వెనక్కి అన్నాను. ఆయన నవ్వాడు. ఆపుకోలేక, తల్లి పక్కన ఉందని కూడా చూసుకోకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు. తలుపు చాటు నుంచి మామ దగ్గు వినిపించింది. ఆ నవ్వు నాకు నచ్చింది. అంతసేపూ మామ కాకపోతే ఎవరైనా సరే అనుకున్నదాన్ని, ఆ నవ్వు తరువాత ఈయన కాకపోతే ఎవరూ వద్దనుకున్నాను. అట్లా అనుకోవడంతో నాకు అసలైన భయం పట్టుకుంది.

తల్లి నా వెనక్కి వచ్చి కూర్చుంది. జడ పక్కకు తీసి, మెడ వెనక బొటనవేలితో నొక్కింది. ఇక్కడా అంది, ఇక్కడా అంది. ఆ వేళ్లు పిండి విసిరిన వేళ్లు, గట్టివి, కానీ నొక్కిన చోట నొప్పి తెలిసి ఆగేవి. పొద్దున లేచేటప్పుడు తలను చేత్తో పట్టుకుని లేస్తావా అని మెల్లగా అడిగింది. అవునన్నాను. నా కళ్ల నుంచి నీళ్లు కారాయి, తుడుచుకోవడానికి తల వంచలేను కదా, అందరి ముందూ అట్లాగే కారాయి.

ఆమె ముందుకు వచ్చి తాంబూలం పళ్లేన్ని మళ్లీ మధ్యకు జరిపింది.

"పొగురైతే తగ్గేది గాదు. ఇది తగ్గతాది," అని మా అమ్మతో అంది.

శ్రావణంలో పెళ్లయింది, మామతో కాదు. మా అత్త పెట్టిన షరతు ఒకటే, ఊరేగింపుకు ఆ కారు రాకూడదని. మామ నొచ్చుకున్నాడు గానీ, నన్ను చేసుకోవలసిన బాధ తప్పిందని ఆయన ముఖం వెలిగిపోతూ ఉండటం నేను చూశాను. ఎట్లా చూశానంటే, అప్పటికీ నా తల వంగదు. పీటల మీద నిటారుగా కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ ముఖంలోకి చూశాను. ఎవరు రెండో పంక్తిలో మళ్లీ కూర్చున్నారో చూశాను. పురోహితుడు మంత్రం మరిచిపోయి దగ్గడం చూశాను. తాళి కట్టేటప్పుడు మా ఆయన పెదవులు కదుపుతూ ముడులు లెక్కపెట్టుకోవడం చూశాను. ఆ కాలంలో తన పెళ్లిని తానే చూసిన పెళ్లికూతురు నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తాళి పడ్డాక కూడా అవ్వ తన పట్టు విడవలేదు. ఇక దోషం లేదని, తాళిని ముందుకు జరిపి పట్టుకుని, మా ఆయన్ను బతిమాలి కాలు తగిలింపజేసింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, నేరం చేస్తున్న ముఖంతో, బొటనవేలు మాత్రం ఆనించాడు. చక్కిలిగింత పెట్టినట్టయింది. మెడలో ఏ మార్పూ లేదు. అవ్వకు అనుమానం వచ్చి, ముందర రెండు కాళ్లూ వచ్చాయా ఒకటే వచ్చిందా అని మా అత్తను నిలదీసింది. అంత నొప్పిలో లెక్కపెట్టే ఓపిక తనకు లేకపోయిందని అత్త చెప్పింది.

చిత్తూరులో కాపురం మొదలైంది. రోజూ సాయంత్రం అత్త నువ్వుల నూనె వేడిచేసి నా మెడకు మర్దన చేసేది. మెడ కొద్దికొద్దిగా విడుస్తూ వచ్చింది. ఒకనాడు పొద్దున లేచి కూర్చున్నాక, తలను చేత్తో పట్టుకోలేదని గుర్తొచ్చింది. ఇంకొన్నాళ్లకు పక్కింటి గోడ మీద కాకి అరిస్తే తల తిప్పి చూశాను, ఒళ్లు తిప్పలేదు. ఆ తరువాత కిందికి కూడా వంగింది. చెప్పలేనంత సంతోషం వేసింది.

కానీ ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఇంటికి పెద్దవాళ్లు ఎవరు వచ్చినా అత్త ముందుగానే చెప్పేసేది, కోడలికి మెడ వంగదు, ఏమీ అనుకోవద్దని. వీధిలోని మిగతా కోడళ్లంతా నేలను చూస్తూ మంచినీళ్లు ఇస్తుంటే, నేను మనుషులను చూస్తూ ఇచ్చేదాన్ని. ఎంతో గంభీరంగా మాట్లాడే మా పెదమామగారికి మాట్లాడేటప్పుడు పెదవి వణుకుతుందని నాకే తెలుసు. చింతపండు తూచే ఆమె వేలు తక్కెడ మీద ఎక్కడ ఆనుతుందో నాకే తెలుసు. చూడటం ఎంత రుచిగా ఉంటుందో ఒకసారి తెలిశాక వదులుకోవడం కష్టం. మా ఆయనకు సంగతి తెలిసిపోయింది. ఆయన నాకేసి చూసి నవ్వుకునేవాడు గానీ బయటపెట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రాళ్లు ఏరాలంటే మెడ పూర్తిగా వంచాలి. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు, తలెత్తి చూస్తే గడపలో అత్త. నేను చటుక్కున మెడ బిగించాను. చేటలో బియ్యం సగం నేల మీద పడ్డాయి. ఆమె వచ్చిన దారినే పోయింది. నేను నేల మీది బియ్యాన్ని గుప్పిళ్లతో చేటలోకి ఎత్తుకున్నాను.

ఆ సాయంత్రమే అత్త వైపు చుట్టం, పెద్దావిడ ఒకామె వచ్చింది. ఊళ్లోవాళ్లంతా ఆమె నోటికి భయపడతారు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఈ రోజు వంచాలా వద్దా అని ఒక్క క్షణం తడబడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, కోడలు తల దించదేమని అడిగింది. అత్త నా వైపు చూడలేదు. తమలపాకుకు సున్నం రాస్తూ చెప్పింది.

"దానికి మెడ వంగదు. కారు గుద్దుకొనింది. ఇంగ ఎప్పిటికీ వంగదంట."

ఆమె పోయాక నేను చేట తెచ్చి అత్త ముందర కూర్చున్నాను. మిగిలిన రాళ్లు ఇద్దరం కలిసి ఏరాము, నేను మెడ వంచే ఏరాను. చాలాసేపటికి, నీకు తెలుసు కదా అత్తా అన్నాను. తెలుసంది. కోపం లేదా అన్నాను. ఆమె ఒక రాయి ఏరి గుమ్మం బయటికి విసిరింది.

"నా పెండ్లిలో నేను సూసినవన్నీ కాళ్లే. నా మొగుడి మొగం నేను బాగా సూసేదానికి ఏండ్లు పట్టింది. సూడను మరిగినాక ఆయన లేడు." మళ్లీ చేటలోకి వంగి, ఇంకో రాయి వెతుకుతూ అంది. "నీ ఈడులో నన్ను గూడా అట్టాటి కారొకటి గుద్దుంటే ఎంత బాగుండు, అమ్మణ్ణీ."